గుడి మునగలేదన్న ధీమా

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ ఒక మాట వినిపిస్తుంది. టీ కొట్టు దగ్గరా అదే, టీవీ చర్చలోనూ అదే, సమీక్షా సమావేశం ముగించుకుని వచ్చిన నాయకులు మైకుల ముందు చెప్పేదీ అదే. "రామయ్య గుట్ట మీదున్నాడు. 1986లోనే గుడి మునగలేదు. కరకట్ట ఇంకాస్త ఎత్తు పెంచి గట్టి చేస్తే చాలు, భద్రాద్రికి ఢోకా లేదు."

ఈ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. దాని బలం దానికుంది. 1986 ఆగస్టు 16న గోదావరి ఇక్కడ 75.6 అడుగులకు చేరింది. ఇప్పటికీ అదే రికార్డు. ఊరు మునిగింది, గుట్ట మీది ఆలయం నిలిచింది. ఆ చేదు అనుభవం తర్వాతే కరకట్ట వచ్చింది. 2022 జులై 16న నది మళ్లీ 71.3 అడుగులకు లేచినప్పుడు గట్టు తెగలేదు. అదే లేకపోతే పట్టణం గతి ఏమయ్యేదో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. నిధులు అంతంత మాత్రంగా ఉన్నప్పుడు, పరీక్షకు నిలిచిన ఒక్క కట్టడం మీద డబ్బు పెట్టడం తెలివైన పనే కదా అని ఈ వాదన చేసేవారు అడుగుతారు.

గట్టు వద్దని ఎవరూ అనడం లేదు. ఉన్న గట్టును కాపాడుకోవాల్సిందే, బలహీనంగా ఉన్న చోట బాగు చేయాల్సిందే. పేచీ అంతా "అది చాలు" అనడంతోనే. ఆ ధీమానూ, దాని వెంట వచ్చే మరికొన్ని వాదనలనూ వరసగా చూద్దాం.

1. గుడి మునగకపోవడం ఏ లెక్కన క్షేమం?

గర్భాలయంలోకి నీళ్లు రాలేదు గనక వారసత్వం భద్రంగా ఉందని తేల్చేస్తున్నారు. ఇదే కొలత కేదార్‌నాథ్‌కు పెట్టి చూడండి. 2013 జూన్ 16, 17 తేదీల్లో వరద విరుచుకుపడినప్పుడు ఆలయం వెనక ఒక పెద్ద బండ అడ్డుపడింది. గుడి నిలిచింది. చుట్టూ ఉన్న ఊరు కొట్టుకుపోయింది, వేల ప్రాణాలు పోయాయి. గుడి నిలిచింది గనక కేదార్‌నాథ్ క్షేమమే అనగల గుండె ఎవరికుంది?

భద్రాద్రి వారసత్వం ఒక్క మూలవిరాట్టుతో ఆగిపోదు. 17వ శతాబ్దంలో పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉన్న కంచర్ల గోపన్న కట్టించిన ఆలయం ఉంది, ఆయన చేయించాడని చెప్పుకునే చింతాకు పతకం లాంటి నగలు ఉన్నాయి. వీటితో పాటు మెట్ల దారి ఉంది, స్నానఘట్టాలు ఉన్నాయి, ముక్కోటి ముందు రోజు నది మీద హంస వాహనంలో జరిగే తెప్పోత్సవం ఉంది, శ్రీరామనవమి కల్యాణం ఉంది. వీటిని నడిపించే మనుషులున్నారు. అర్చకులు, సన్నాయి ఊదేవాళ్లు, వంటశాలలో పనిచేసేవాళ్లు, పూలు కట్టేవాళ్లు, మెట్లు ఊడ్చేవాళ్లు, పడవ సరంగులు. వీళ్లెవరూ గుట్ట మీద కాపురం ఉండరు. వాళ్ల ఇళ్లు పల్లపు వీధుల్లో ఉన్నాయి. వీళ్లు మూటాముల్లే సర్దుకుని పునరావాస కేంద్రంలో పడుకున్న వారంలో గుడి తలుపు తెరిచే ఉండవచ్చు. అంత మాత్రాన ఆ క్షేత్రం క్షేమంగా ఉందనడం సగం నిజం. వరద వేళ సగం నిజాన్ని నమ్ముకోవడం అబద్ధాన్ని నమ్ముకోవడం కంటే ప్రమాదం, ఎందుకంటే దాన్ని ఎవరూ ప్రశ్నించరు.

2. నీళ్లు గట్టుకు ఇవతల కూడా ఉన్నాయి

కరకట్ట నదిని బయట ఆపుతుంది, సరే. ఊళ్లో కురిసిన వాన ఎక్కడికి పోవాలి?

మామూలు రోజుల్లో మురుగు కాలువలు గట్టు అడుగున ఉన్న స్లూయిజ్‌ల గుండా గోదావరిలో కలుస్తాయి. నది లేచి కాలువల మట్టాన్ని మించితే అదే దారిన నీళ్లు ఊళ్లోకి ఎదురు తంతాయి. అందుకే షట్టర్లు దించేస్తారు. ఆ క్షణం నుంచి ఊరు మూత వేసిన గిన్నె అయిపోతుంది. పడ్డ చినుకు పడ్డట్టే లోపల ఉంటుంది. ఇక మోటార్లు పెట్టి తోడి, గొట్టాలతో గట్టు మీదుగా నదిలోకి పోయాలి. కరెంటు పోతే జనరేటర్ కావాలి, అది మొరాయిస్తే ఇంకో మోటారు కోసం ఫోన్లు చేయాలి. షట్టరు కింద ఏ చెట్టు కొమ్మో ప్లాస్టిక్ మూటో ఇరుక్కుంటే అది సరిగ్గా దిగదు. ఆ సందులోంచి గోదావరి బుసకొడుతూ వస్తుంది. అప్పుడు ఇసుక బస్తాల కోసం పరుగులు. ఆలయం దిగువన విస్తా కాంప్లెక్స్, అన్నదాన సత్రం పరిసరాలు, పల్లపు కాలనీలు నీళ్లలో నిలవడానికి గోదావరి గట్టు దాటి రావాల్సిన పనే లేదు.

ఇప్పుడు గట్టును ఇంకో పది అడుగులు పెంచారనుకుందాం. ఈ లోపలి నీళ్లలో అంగుళమైనా తగ్గుతుందా? తగ్గదు సరికదా, మోటార్లు నీటిని ఇంకా ఎత్తుకు తోడాలి. పైగా ఎత్తయిన గట్టు చూసి ధైర్యం వస్తుంది. ఒకప్పుడు వాన నీళ్లు ఆగే పల్లపు జాగాలు ప్లాట్లవుతాయి, కాలువల మీద మెట్లూ ర్యాంపులూ లేస్తాయి. రక్షణ కోసం కట్టిన గట్టే ముంపులో ఇళ్లు కట్టుకొమ్మని పిలుస్తుంది. నది కొత్త రికార్డు కొట్టకపోయినా నష్టం మాత్రం కొత్త రికార్డు కొడుతుంది.

గేట్ల మీద మనకంటే ఎన్నో రెట్లు ఖర్చు పెట్టిన వెనిస్‌ను చూడండి. 2019 నవంబరులో 187 సెంటీమీటర్ల పోటు వచ్చి సెయింట్ మార్క్ చర్చి మునిగింది. సముద్రాన్ని ఆపే కదిలే గేట్లను మరుసటి ఏడాది అక్టోబరులో నిజమైన పోటు వేళ మొదటిసారి లేపారు, ఊరంతా చప్పట్లు కొట్టింది. రెండు నెలలు దాటాయో లేదో, డిసెంబరు 8న పోటును తక్కువ అంచనా వేసి గేట్లు లేపలేదు. చర్చి ముందరి చౌరస్తా మళ్లీ మునిగింది. ఆ తర్వాత చర్చి చుట్టూ విడిగా గాజు అడ్డుగోడ కట్టుకోవాల్సి వచ్చింది. అంత పెద్ద యంత్రాంగమే ఒక అంచనా తప్పితే చేతులెత్తేసింది. ఏ షట్టరు ఎప్పుడు దించాలో, ఏ మోటారు ఎక్కడుందో, డీజిల్ ఎవరు తేవాలో రాతపూర్వకంగా లేని చోట గట్టు ఎత్తు గురించి గొప్పలు చెప్పుకోవడం ఎందుకు?

3. 1986 గోదావరి గీసిన గీత కాదు

"1986 నాటి వరదకే గుడి మునగలేదు" అనడంలో ఒక ఊహ దాగి ఉంది. అంతకంటే పెద్ద వరద రాదని. ఆ హామీ ఎవరిచ్చారు?

1986లో 75.6 అడుగులు. నాలుగేళ్లకే 1990లో 70.8. 2006లో 66.9. 2022లో 71.3. పైగా ఆ చివరిది ఆగస్టు దాకా ఆగలేదు, జులై నడుమనే ముంచుకొచ్చింది. 1950 నుంచి 2015 వరకు మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతి భారీ వానల ఘటనలు మూడు రెట్లు పెరిగాయని 2017లో వెలువడిన అధ్యయనం చెప్పింది. గోదావరికి నీళ్లు మోసే వైన్‌గంగ, వార్ధా, ఇంద్రావతి ఆ మధ్య భారతంలోనివే. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే అది మోయగల తేమ సుమారు ఏడు శాతం పెరుగుతుంది. అంటే మేఘం అదే, మోత మారింది. పాత వరదను గీటురాయిగా పెట్టుకుని కొత్త వానకు లెక్క కట్టడం నిరుటి పంచాంగంతో ఈ ఏటి ముహూర్తం పెట్టడమే.

ఇంతకీ ముప్పు ఎప్పుడూ నది వైపు నుంచే రావాలని లేదు. 2023 జులై 27 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో అంతకు ముందు నమోదు కానంత వాన. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు పొందిన రామప్ప గుడి ఉన్నది ఆ మండలంలోనే. ఆ వాన నడినెత్తిన పడితే కరకట్ట ఎక్కడ కడతారు? గోపన్న పుట్టిన నేలకొండపల్లిలో ఇటుకలతో కట్టిన బౌద్ధ స్తూపం ఉంది. దాని శత్రువు వరద కాదు, ఆగకుండా కురిసే వాన, ఆ తర్వాత కాసే ఎండ. ఇటుక తడిని పీల్చుకుంటుంది. ఎండ తగలగానే ఆ తడిలోని లవణాలు పైకొచ్చి గట్టిపడి, పొరలు పొరలుగా ఇటుకను రాల్చేస్తాయి. చప్పుడు ఉండదు, హెచ్చరిక ఉండదు, వార్త కూడా కాదు.

గోడల మీద గుడ్డి నమ్మకం ఉన్నవారు ఇదే గోదావరి మీద జరిగింది గుర్తు చేసుకోవాలి. భద్రాచలాన్ని వణికించిన 2022 జులై వరదే ఎగువన కాళేశ్వరం ప్రాజెక్టు కన్నేపల్లి పంపుహౌస్ రక్షణ గోడను కూల్చి, భారీ మోటార్లను ముంచేసింది. కొత్త గోడ, ఆధునిక ఇంజినీరింగ్, వేల కోట్ల ప్రాజెక్టు. మరుసటి ఏడాది అక్టోబరులో అదే ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగాయి. నేల సంగతి కూడా మరవద్దు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో భూమి కంపించింది. 2024 డిసెంబరు 4న ములుగు కేంద్రంగా 5.3 తీవ్రతతో మళ్లీ కంపించింది. వారం రోజులు నానిన మట్టి గట్టు కింద నేల కదిలితే ఏమవుతుందో ఆలోచించకుండా "ఢోకా లేదు" అనడం ధైర్యం కాదు, ఏమరుపాటు.

4. గట్టు అవతల ఉన్నది ఎవరిది?

కరకట్ట వాదంలో అసలైన అన్యాయం ఇక్కడుంది. గట్టు ఒక గీత గీస్తుంది. లోపలిది కాపాడాల్సింది, బయటిది మునగాల్సింది. 2022లో భద్రాచలం గట్టు నిలిచిన రోజునే ఎదురు ఒడ్డున బూర్గంపహాడ్ నీళ్లలో ఉంది. ఒక ఒడ్డున నదికి దారి మూస్తే ఆ నీళ్లు రెండో ఒడ్డును వెతుక్కుంటాయి.

ఎగువన సుమారు 35 కిలోమీటర్ల దూరంలో దుమ్ముగూడెం మండలంలో పర్ణశాల ఉంది. సీతారాములు వనవాసంలో కుటీరం వేసుకున్న చోటని జనం నమ్మిక. భద్రాచలం వచ్చిన యాత్రికుడు అక్కడికి వెళ్లకుండా తిరిగి పోడు. గోదావరి పెరిగిన ప్రతిసారీ మొదట మునిగేది అక్కడి సీత వాగు. సీతమ్మ నారచీరలు ఆరేసుకుందని చూపించే చోటు, ఆ పక్కన రంగులు వేసిన బొమ్మలు నీటి అడుక్కి పోతాయి. వరద తీశాక బొమ్మల మెడ దాకా ఒండ్రు మట్టి, చెదిరిన కొట్ల రేకులు, చెత్త. ట్యాంకరు నీళ్లతో కడిగి, మళ్లీ రంగులేసి, దుకాణాలు సర్దుకుంటారు. మరుసటి ఏడాది మళ్లీ అదే వరస. భద్రాద్రి క్షేమమని ప్రకటించే రోజున పర్ణశాల ఏ ఖాతాలో ఉంటుంది?

దిగువకు వెళ్దాం. శబరి గోదావరిలో కలిసే కూనవరం, దాని పక్కన వరరామచంద్రాపురం, ఇవతల వేలేరుపాడు, కుక్కునూరు. 2014లో పోలవరం ముంపు పేరుతో ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన మండలాలివి. వరరామచంద్రాపురం మండలంలో శ్రీరామగిరి గుట్ట మీద కూడా రాముడి గుడి ఉంది. అక్కడా గుడి గుట్ట మీదే ఉంది, ఊరు కిందే ఉంది. ముంపు మండలంలో ఊళ్లు లేచిపోయాక గుట్ట మీద గుడి మిగిలితే ఎవరికి మిగిలినట్టు? "గుట్ట మీదుంది కదా" అన్న వాదన చివరికి చేరేది అక్కడికే.

ఇక కోయల సంగతి. కోయల ఇలవేల్పుల కథలు పడిగెల మీద ఉంటాయి. బట్ట మీద వంశం, గట్టు (కోయల గోత్ర శాఖ), వేల్పు అన్నీ బొమ్మలుగా గీసిన జెండాలవి. వాటిని విప్పి, డోలి కొట్టి, కథ చెప్పేవాళ్లుంటేనే ఆ బొమ్మలు మాట్లాడతాయి. ఆ విద్యలో ఆరితేరిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. పడిగెలున్నవి రాతి గర్భగుడిలో కాదు, ఏటి ఒడ్డు గూడేల్లో. పైకప్పు కింద, దూలానికి కట్టిన గుడ్డ మూటల్లో. వరద వస్తుందని మైకులో వినబడితే ముందు పిల్లల్ని ఎత్తుకుంటారు, తర్వాత బియ్యం, తర్వాత మేకలు. దూలం మీది మూట గుర్తొచ్చేసరికి నీళ్లు గడప దాటి ఉంటాయి. దాని ఫొటో ఒక్కటైనా తీసి ఏ కార్యాలయంలోనైనా పెట్టారా? పెట్టని వస్తువు పోయిందని ఎవరు లెక్క రాస్తారు?

భద్రాద్రి స్థలకథే ఈ గీతను ఒప్పుకోదు. పుట్టలో ఉన్న స్వామిని మొదట గుర్తించి, పందిరి వేసి, తాటి పండ్లు నైవేద్యం పెట్టింది పోకల దమ్మక్క అనే గిరిజన స్త్రీ అని జనం చెప్పుకుంటారు. దమ్మక్క భక్తిని ఉత్సవంలో తలుచుకుని, దమ్మక్క లాంటి వాళ్ల గూడేలను గట్టు అవతల వదిలేసే వాదం భక్తి పేరుతో నిలవదు.

5. "మునిగేవాటిని తరలిద్దాం" అనే సులువు

ఇంకొందరు అంటారు: "నాగార్జునకొండను కాపాడుకోలేదా? కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో కట్టలేదా? అవసరమైతే అలాగే చేద్దాం." నాగార్జునసాగర్ నీళ్లు కమ్మేలోపు 1950లలో జరిగిన తవ్వకాలు, కట్టడాల తరలింపు నిజంగానే గొప్ప పని. ఆ నిపుణుల శ్రమకు దండం పెట్టాల్సిందే. ఆ పని ఎలా సాధ్యమైందో మాత్రం మరవకూడదు. నీళ్లు ఎప్పుడు, ఎంత మట్టానికి వస్తాయో ముందే తెలుసు. ఏళ్ల గడువుంది. కేంద్ర పురావస్తు శాఖ అక్కడే మకాం వేసింది. గోదావరి వరద అలా గెజిట్‌లో తేదీ వేసి రాదు.

రాయిని తరలించవచ్చు. తెప్పోత్సవం జరిగే నదిని తరలించలేం. ఇప్ప చెట్టు కింది వేల్పును లారీ ఎక్కించి పునరావాస కాలనీలో దించితే ఆ వేల్పుకు అక్కడ అడవి లేదు, వాగు లేదు, పండగ చేసే దారి లేదు. పైగా తరలించేది జాబితాలో ఉన్నవాటినే. జాబితాలో ఎక్కేది రాజులు కట్టినవి, శాసనాలున్నవి. ఏజెన్సీ గూడెం ఎప్పుడూ శాసనం వేయించుకోలేదు. గడువూ జాబితా రెండూ లేని చోట తరలింపు మాట ఎత్తడం, మునగనిద్దాం అని మర్యాదగా చెప్పడమే.

6. "ప్రకృతి విపత్తు, ఎవరేం చేయగలరు?"

2022 వరద తర్వాత భద్రాచలం వచ్చిన అప్పటి ముఖ్యమంత్రి క్లౌడ్ బరస్ట్ వెనక విదేశీ కుట్ర ఉందన్న అనుమానం బయటపెట్టారు. అంత దూరం వెళ్లకపోయినా, తప్పు ఆకాశం మీదికి నెట్టేసే అలవాటు మిగతావారికీ ఉంది. గోదావరి వరద ఇక్కడ కాటేసి పారిపోయే పాము కాదు. పేరూరులో, ఏటూరునాగారంలో నీటిమట్టం ఎంతో చూస్తే ఇక్కడికి ఎంత రాబోతోందో ముందే తెలుస్తుంది. ప్రాణహిత, ఇంద్రావతి పెద్ద వరదను పూర్తిగా పట్టి ఆపగల జలాశయాలు ఎగువన లేవు. బ్యారేజీలు పెద్ద వరదలో గేట్లన్నీ ఎత్తేయాల్సిందే. అంటే ఎవరో ఆపుతారన్న ఆశ లేదు, ముందే తెలియదన్న సాకూ లేదు.

మనిషి చేతిలో ఉన్నవి చాలానే ఉన్నాయి. పోలవరం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. అంత నీరు నిలిపితే భద్రాచలం దగ్గర వరద తీయడం ఆలస్యమవుతుందని తెలంగాణ అంటుంది, అలాంటిదేమీ లేదని ఆంధ్రప్రదేశ్ అంటుంది. ఈ తగువు ఎవరు గెలుస్తారన్నది పక్కన పెడితే, కట్టడాలకు కీలకం ఎత్తొక్కటే కాదు, నీళ్లు ఎన్ని రోజులు నిలిచాయన్నది కూడా. ఒక పూట తడిసిన పునాది ఆరుతుంది. పది రోజులు నానితే కింది మట్టి జారుతుంది, సున్నం వదులవుతుంది. పోలవరం కాఫర్ డ్యాం కట్టాక దేవీపట్నం మండలంలో గండి పోచమ్మ గుడి వరద వచ్చిన ప్రతిసారీ నీటిలో ఉండిపోవడం అందరూ చూసిందే. దుమ్ముగూడెం దగ్గర సీతమ్మసాగర్ బ్యారేజీ పనులను పర్యావరణ అనుమతి లేదన్న కారణంతో 2023లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆపింది. నది మీద మనిషి ఇన్ని నిర్ణయాలు తీసుకుంటున్న చోట వరదను దైవఘటన అనడం నిర్ణయాలు తీసుకున్నవారికి ముందస్తు బెయిలు ఇవ్వడమే.

సరిహద్దు ఇంకో సాకు. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉంది. ఊరు దాటగానే యటపాక ఆంధ్రప్రదేశ్. రామాలయ భూములున్న పురుషోత్తపట్నం కూడా అటువైపే. నదికి ఈ గీత తెలియదు, ఫైలుకు మాత్రం బాగా తెలుసు. వారసత్వ రక్షణ ప్రణాళిక ఏ రాష్ట్రానిదని అడిగితే రెండు పక్కలా వేళ్లు ఎదుటివారి వైపు తిరుగుతాయి.

7. "ముందు మనుషులు, తర్వాత గుళ్లు"

ఈ మాట అనేవాళ్ల మనసు మంచిదే. వరద వేళ అన్నం, మందులు, పడవలే ముందు, అందులో వాదన లేదు. కాకపోతే ఇక్కడ మనుషులకూ వారసత్వానికీ పోటీయే లేదు. అన్నదాన సత్రంలోకి నీళ్లు రాకుండా ఆపే మోటారే పక్క కాలనీని కూడా ఆరబెడుతుంది. పర్ణశాల నిలిస్తే అక్కడ బొమ్మలు, పూసలు అమ్ముకునే కుటుంబాలు నిలుస్తాయి. భద్రాచలంలో వేల ఇళ్ల పొయ్యి యాత్రికుల రాకతో వెలుగుతుంది. గుడిని కాపాడటం మనుషుల తర్వాత చేసే విలాసం అనుకునేవారికి ఈ ఊరి ఆదాయం ఎలా నడుస్తుందో తెలియదు.

నిధుల సంగతి చూద్దాం. 2022 జులైలో భద్రాచలం శాశ్వత పరిష్కారానికి వెయ్యి కోట్లు ప్రకటించారు. అదే ఏడాది డిసెంబరు 28న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము ప్రసాద్ పథకం కింద సుమారు 41 కోట్ల రూపాయల పనులకు శంకుస్థాపన చేశారు. అవి యాత్రికుల సౌకర్యాల కోసం. వెయ్యి కోట్ల మాట వినబడిన చోట, పల్లపు సత్రానికి నీళ్లెలా వస్తున్నాయో కనిపెట్టే సర్వేకు డబ్బు లేదంటే ఎలా నమ్మడం? జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ సాంస్కృతిక వారసత్వ స్థలాల కోసమే 2017లో ప్రత్యేక మార్గదర్శకాలు విడుదల చేసింది. ముప్పును ముందే అంచనా వేయాలి, వస్తువుల జాబితా ఉండాలి, స్థలానికో ప్రణాళిక ఉండాలి, సిబ్బందికి శిక్షణ ఉండాలి. దాని సారాంశం ఇది. అందులో ఏ ఒక్కటీ కాంక్రీటు అడగదు. కాంక్రీటు అడగని పనికి శంకుస్థాపన శిలాఫలకం ఉండదు. అందుకే దానికి నాయకులు దొరకరు.

మరేం చేయాలి?

కరకట్ట బాగు చేయండి, దానితో సరిపెట్టకండి. మొదట ఊరి లోపలి నీటి లెక్క తేల్చండి. ప్రతి స్లూయిజ్ దగ్గర నదిలో ఏ మట్టానికి షట్టరు దించుతారో బోర్డు మీద రాయండి, వానాకాలానికి ముందే పరీక్షించండి, మోటార్లకు శాశ్వత గదులు, రెండో కరెంటు లైను ఇవ్వండి. గట్టు వెనక పల్లపు జాగాల్లో కొత్త కట్టడాలకు అనుమతులు ఆపండి. ఆ జాగాలు వాన నీటికి వదలండి.

రెండోది, పర్ణశాల నుంచి కూనవరం దాకా రెండు రాష్ట్రాలకూ చెందిన ఒకే వారసత్వ ముప్పు పటం తయారు చేయండి. గుళ్లు, స్నానఘట్టాలు, వేల్పుల చోట్లు, బృహత్ శిలా సమాధులు, అన్నీ అందులో ఉండాలి. ఏది ఎన్ని అడుగులకు మునుగుతుందో పక్కన రాయాలి. 43, 48, 53 అడుగుల హెచ్చరికలు ఇళ్లకు ఎలా పనిచేస్తున్నాయో, ఆలయ వస్తువులకూ పడిగెలకూ అలాగే పనిచేయాలి. 43 దాటితే ఏది కట్టాలి, 48 దాటితే ఏది తరలించాలి, 53 దాటితే ఏది వదిలేయాలి అన్నది వానాకాలానికి ముందే తేలాలి. పడిగెలనూ డోలి కథలనూ కోయ పెద్దల అనుమతితో, వాళ్ల ఆధీనంలోనే ఉండేలా నమోదు చేయాలి. వాళ్లకు ఒక ఎత్తయిన గది కట్టించి ఇవ్వడానికి వెయ్యి కోట్లు అక్కర్లేదు.

మూడోది, పోలవరం, సీతమ్మసాగర్ లాంటి ఏ నిర్ణయంలోనైనా భద్రాచలం, పర్ణశాల దగ్గర నీళ్లు ఎంత ఎత్తుకు వస్తాయన్నదే కాదు, ఎన్ని రోజులు నిలుస్తాయన్నది బహిరంగంగా చెప్పాలి. ఆ లెక్క చెప్పకుండా ఇచ్చే అభయం చెల్లదు.

గుడి మునగలేదన్నది పాత వరద ఇచ్చిన మినహాయింపు. దాన్ని హక్కుగా లెక్కేసుకుని నలభై ఏళ్లు గడిపేశాం. ఈ కాలంలో కొలవాల్సింది గట్టు ఎత్తు కాదు, గట్టు అవతలా ఇవతలా ఏం పోగొట్టుకుంటున్నామన్నది. ఆ లెక్క రాయడానికి సిద్ధపడని ప్రభుత్వానికి, అది ఏ పార్టీదైనా, ఏ రాష్ట్రానిదైనా, భద్రాద్రిని కాపాడుతున్నామని చెప్పుకునే అర్హత లేదు.